అత్తమ్మ డబ్బులు నేనే తీశానంటున్నారు.. ఇది మతిమరుపా, జబ్బా?

కొర్లగుంట_కోడలు, తిరుపతి
మార్చి 4, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని రాసింది లేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అత్తమ్మకు 69 ఏళ్ళు. పదకొండేళ్ళుగా షుగరుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర నలభై ఏళ్ళు పూలంగడి నడిపిన మనిషి. లెక్కలో రూపాయి తేడా వచ్చేది కాదు. నిరుడు సంక్రాంతి నుంచి మార్పు మొదలైంది. "పాలాయన వచ్చాడా?" అని గంటలో ఆరుసార్లు అడిగేవారు. తర్వాత చెనిక్కాయల చట్నీలో ఉప్పు మీద ఉప్పు. ఇప్పుడు ఆకువక్క సంచి. అందులోనే ఆమె డబ్బులుంటాయి. దాన్ని ఎక్కడో దాచి, మర్చిపోయి, "నువ్వే తీశావు" అని నన్నంటారు. పోయిన మంగళవారం మా ఆడబిడ్డ ముందరే అన్నారు. ఆడబిడ్డ నన్ను పల్లెత్తు మాట అనలేదు గాని, పోయేటప్పుడు నా మొహం చూడలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నదాన్ని. మర్నాడు సంచి బియ్యం డబ్బాలో దొరికింది.

ఇంకో సంగతి. ఇంత మరుపున్న మనిషికి మల్లెమొగ్గలూ అరటినారా ఇచ్చి చూడండి. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, నార ఒక్క చుట్టు చుట్టి బొటనవేలితో అదిమి ముడి లాగుతారు. చూపు ఎటో ఉంటుంది, వేళ్ళు మాత్రం తప్పవు. మూర కట్టిన పది నిమిషాలకు "ఈ పూలు ఎవరు కట్టారు?" అని అడుగుతారు. అది చూసి మా బంధువులు "అంతా నటన, పని గుర్తున్నప్పుడు మిగతావి ఎందుకు గుర్తుండవు?" అంటున్నారు. ఒకాయన గాలి సోకిందని తాయెత్తు తెచ్చాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


గిరింపేట_రిటైర్డ్, చిత్తూరు
మార్చి 4, రాత్రి 11:15

అమ్మా, నాకు 72. వయసు మీద పడితే చాదస్తం రావడం మామూలే. మా అమ్మకూ వచ్చింది, మేమెవరమూ ఆసుపత్రికి పరుగెత్తలేదు. పొద్దున్నే నాలుగు సరస్వతి ఆకులు తినిపించండి, భాగవతం చదివి వినిపించండి. టెన్షన్ పడొద్దు.


రాత్రి_డ్యూటీ, తిరుపతి
మార్చి 5, ఉదయం 6:50

అక్కా, ఇప్పుడే డ్యూటీ దిగాను. పదహారేళ్ళుగా నర్సుని, అందులో తొమ్మిదేళ్ళు న్యూరో వార్డులోనే. మీ అత్తమ్మ నటించడం లేదు. ముందు ఆ మాట ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

గిరింపేట సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, దీన్ని చాదస్తమని వదిలేయకూడదు. కూరలో ఉప్పు వేశానో లేదో అని అనుమానం వచ్చి రుచి చూసుకోవడం వయసుతో వచ్చేదే. వేసిన సంగతి ఎదుటివాళ్ళు గుర్తుచేసినా అస్సలు తట్టకపోవడం వయసు కాదు. మామూలు మరుపున్నవాళ్ళు తామే వచ్చి "ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నానమ్మా" అని బాధపడతారు. జబ్బులో చాలాసార్లు ఇంట్లోవాళ్ళు బాధపడతారు, మనిషి నాకేం లేదంటారు.

షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 విటమిన్ పడిపోతుంది. రోజూ గ్యాస్ మాత్ర మింగే అలవాటుంటే మరీను. బి12 తగ్గితే మరుపు, కాళ్ళ తిమ్మిర్లే కాదు, లేనిపోని అనుమానాలు కూడా వస్తాయి. థైరాయిడ్ మందగించినా మెదడు మందగిస్తుంది. ఇంకోటి, దురదకూ జలుబుకూ వాడే పాతరకం అలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు. జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ అలర్జీ మాత్రలు అడ్డుకుంటాయి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి. చీటీలు చాలవు, మాత్రలే కావాలి. చీటీలో లేనివి ఆ కవర్లో బయటపడతాయి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే తేడాగా మాట్లాడితే, కాసేపు బాగుండి కాసేపు మతి తప్పితే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం ముసలివాళ్ళను జ్వరం కూడా లేకుండానే అలా చేస్తాయి. దయ్యం పట్టిందని రాత్రిపూట మోసుకొచ్చిన అవ్వలు ఐదారు రోజులకు నా చేతి కాఫీ తాగి నడుచుకుంటూ ఇంటికి పోవడం చూశాను.


పలమనేరు_మామిడితోట
మార్చి 5, మధ్యాహ్నం 1:20

మా నాయన సంగతి చెబుతా అక్కా, ఉపయోగపడుతుందేమో. ఆయనకు 74. నిరుడు జూన్‌లో తోతాపురి కోతలప్పుడు నిచ్చెన మీద నుంచి జారి పడినాడు. మణికట్టు విరిగింది. నేరుగా పుత్తూరుకు పోయి కట్టు కట్టించినాము. చెయ్యి చక్కగా అతుక్కుంది. తలకు చిన్న బొప్పి కట్టింది, దాన్ని ఎవరమూ లెక్కపెట్టలేదు.

ఐదు వారాలకు మొదలైంది. ఆవులను తప్పు పేర్లతో పిలిచేవాడు. పాలు పోసేదానికి పోయి క్యాను అక్కడే వదిలి వచ్చేవాడు. పగలంతా నిద్ర. ఎడమకాలు ఈడ్చేవాడు. వయసు అన్నారు, దెబ్బకు బెదిరినాడు అన్నారు. తోటలో ఏదో తొక్కినాడని చెబితే కోడిని కూడా కోసినాము. అట్లా ఇరవై రోజులు పోగొట్టుకున్నాము. ఆ ఇరవై రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర రాదు.

వేలూరుకు తీసుకుపోతే తలకు సీటీ తీసినారు. పుర్రెకూ మెదడుకూ నడుమ రక్తం చేరి మెదడును ఒక పక్కకు నెడుతా ఉంది. గుండెకని రక్తం పలచబడే మాత్ర వాడతాడు, అందుకే ఊట ఆగలేదన్నారు. పుర్రెకు రెండు చిన్న చిల్లులు పెట్టి తీసేసినారు. మూడో రోజు పొద్దున మా నాయన నన్ను చూసి అడిగిన మొదటి మాట, "కాయ ఎంతకు పోయింది రా?"


మెదడు_పాఠాలు, తిరుపతి
మార్చి 5, రాత్రి 9:05

మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. మామిడితోట అన్నా, మీ నాయనగారికి జరిగింది మా పిల్లలకు ప్రతి ఏడూ చెప్పే పాఠమే. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. దాంతో మెదడు పైనుంచి పొరకు పోయే సన్నటి సిరలు సాగి, లాగిపెట్టినట్టు ఉంటాయి. చిన్న దెబ్బకే చిట్లుతాయి. రక్తం చుక్కలు చుక్కలుగా ఊరుతుంది కాబట్టి లక్షణాలు బయటపడడానికి వారాలు పడుతుంది. పెద్దవాళ్ళు పడితే, విరిగిన ఎముకతో పాటు తల సంగతి కూడా రెండు నెలలు గమనిస్తూ ఉండాలి.

ఇక పూల సంగతి. చెల్లెమ్మా, మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ప్రపంచానికి ఈ విషయం అర్థమయింది ఒక్క మనిషి వల్ల. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు ఎంతకీ తగ్గకపోతే 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. చెవుల లోపలి వైపు, లోతుగా ఉండే భాగమది. మూర్ఛలు బాగా తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి అతనిలో కొత్త జ్ఞాపకం నిలవలేదు. 2008లో చనిపోయేదాకా అంతే.

కెనడాలోని మాంట్రియల్ నుంచి బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త వెళ్ళి అతన్ని పరీక్షించేవారు. వెళ్ళిన ప్రతిసారీ అతనికి ఆమె కొత్త మనిషే. ఒకసారి అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమన్నారు. చెయ్యి తిరగబడే కష్టమైన పని అది. మూడు రోజులు గీయించారు. మూడో రోజుకు చక్కగా గీశాడు, కానీ ముందెప్పుడూ గీసిన గుర్తే లేదన్నాడు. చేతికి వచ్చింది, మనసుకు తెలియదు. జ్ఞాపకం ఒక్కటి కాదని అక్కడ తేలింది. జరిగిన సంగతులు దాచడానికి హిప్పోక్యాంపస్ కావాలి. సైకిలు తొక్కడం, పూలు కట్టడం లాంటి పనితనం మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాలో, వెనక ఉండే సెరిబెల్లంలో పాతుకుంటుంది. మీ అత్తమ్మ వేళ్ళకు పూలు తెలుసు, ఆమెకు పొద్దున్న తెలియదు. రెండూ నిజమే. మీ బంధువులకు ఈ మాట చదివి వినిపించండి.

సంచి విషయం కూడా ఇదే. దాచిన క్షణం మెదడులో నమోదే కాలేదు. సంచి లేదన్నది మాత్రం కళ్ళకు కనబడుతోంది. ఖాళీని మెదడు ఊరికే వదలదు, దొరికిన కారణంతో పూడుస్తుంది. రోజంతా పక్కనుండేది మీరే కాబట్టి మీ పేరే దొరుకుతుంది. ఎవరు ఎక్కువ సేవ చేస్తే వాళ్ళ మీదే ఈ నింద పడడం డాక్టర్లు తరచూ చూసేదే.

ఇంకొక్క మాట, వేలూరు పేరు వచ్చింది కాబట్టి. దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో అక్కడే, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో జాకబ్ చాండీ అనే డాక్టరు మొదలుపెట్టారు. ఆయన చదువుకున్నది మాంట్రియల్‌లో, మిల్నర్ పనిచేసిన సంస్థలోనే. మన చిత్తూరు జిల్లా పక్కనే అంత చరిత్ర ఉంది.


బైరాగిపట్టెడ, తిరుపతి
మార్చి 6, ఉదయం 8:30

చదువుతుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. మరుపు కాదు, స్కిజోఫ్రేనియా. పందొమ్మిదేళ్ళప్పుడు గొంతులు వినబడడం మొదలైంది. పక్కింటివాళ్ళు గోడలోంచి తిడుతున్నారనేవాడు. పద్నాలుగు నెలలు గుళ్ళూ తాయెత్తులూ మంత్రగాళ్ళే. వాణ్ణి కట్టేసిన రోజు కూడా ఉంది. ఆ రోజు నేను అడ్డు పడలేదు.

తర్వాత ఒక డాక్టరు గారు ఓపికగా చెప్పారు. గొంతులు వినబడేటప్పుడు స్కాన్ తీస్తే మెదడులో మాటలకు సంబంధించిన భాగాలు నిజంగానే పనిచేస్తూ కనబడతాయట. అంటే వాడు అబద్ధం చెప్పడం లేదు, వాడి మెదడు తన మాటనే బయటి మాటగా వింటోంది. డోపమైన్ అనే మెదడు రసాయనంలో తేడా ఒక కారణం. మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదన్నారు. మేము పద్నాలుగు నెలలు ఆలస్యం చేశాం. ఇప్పుడు వాడు జిరాక్స్ అంగడి నడుపుతున్నాడు. మందు మానలేదు.

మనిషిని గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం. ఇన్సూరెన్సు కంపెనీలు మానసిక జబ్బులకు కూడా ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. మొదట ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.


నిర్వాహకులు
మార్చి 6, ఉదయం 9:10

దయచేసి మందుల డోసులు ఒకరికొకరు చెప్పుకోవద్దు. నిద్రమాత్రలు ఉన్నట్టుండి ఆపడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.


కుప్పం_పోటీపరీక్షలు
మార్చి 6, రాత్రి 11:58

నాకు 21. రాత్రి రెండింటిదాకా చదివింది పొద్దునకు గుర్తుండడం లేదు. నాకూ ఏదైనా జబ్బేమోనని భయంగా ఉంది సార్.


మెదడు_పాఠాలు
మార్చి 7, ఉదయం 6:15

జబ్బు కాదు తల్లీ, నిద్ర చాలడం లేదు. పగలు చదివింది హిప్పోక్యాంపస్ తాత్కాలికంగా పట్టుకుంటుంది. గాఢనిద్రలో దాన్ని ఆవు నెమరేసినట్టు మళ్ళీ మళ్ళీ తిప్పి పై పొర కార్టెక్స్‌కు అప్పజెబుతుంది. నిద్ర కోసేస్తే మేత మేసింది గాని నెమరు లేదు. పదకొండుకు పడుకో. రెండు వారాలు దాటినా ఏదీ చేయబుద్ధి కాక, ఆకలి లేక, దిగులుగా ఉంటే మాత్రం పైన చెప్పిన నంబరుకు ఫోన్ చెయ్యి. దిగులు కూడా జ్ఞాపకాన్ని తినేస్తుంది.


కొర్లగుంట_కోడలు
మార్చి 27, రాత్రి 9:40

న్యూరాలజీ డాక్టరుకు చూపించాం. మాత్రల కవరు పట్టుకెళ్ళాను. ఆమె బల్ల మీద గుమ్మరించి ఒక్కొక్కటీ చూసి రెండు పక్కన పెట్టారు. ఒకటి దురద మాత్ర, ఒకటి నిద్రమాత్ర. రెండేళ్ళ కింద ఒక క్లినిక్కులో పది రోజులకని రాసిచ్చారు. మందులషాపులో అడిగితే ఇచ్చేవాళ్ళు, మేము తెస్తూనే ఉన్నాం. బి12 చాలా తక్కువగా ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎంఆర్ఐలో హిప్పోక్యాంపస్ రెండు వైపులా తగ్గిపోయి ఉంది. అల్జీమర్స్ మొదలైనట్టేనని, బి12 లోపమూ ఆ మాత్రలూ దాన్ని ఇంకా పెంచి చూపించాయని అన్నారు. తిరిగి వచ్చేది కొంత, రానిది కొంత.

అక్కడ ఒకటి జరిగింది. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పారు. కుండ, గొర్రె, చింతచెట్టు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే అత్తమ్మకు ఒక్కటీ రాలేదు. "మొదటిది ఇంట్లో వాడే వస్తువు" అని అందించినా రాలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "మా కోడల్ని అడుగు తల్లీ, దానికి అన్నీ తెలుసు" అన్నారు. ఇంట్లో దొంగ అన్న నోటితోనే. పక్కన మా ఆడబిడ్డ ఉంది. ఆటోలో వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది, కొర్లగుంట దాకా వదల్లేదు.


రాత్రి_డ్యూటీ
మార్చి 28, ఉదయం 7:05

అక్కా, జవాబు కోసం అలా పక్కమనిషి వైపు తిరగడం డాక్టర్లు గమనించే లక్షణాల్లో ఒకటి. నమ్మకమున్న వాళ్ళవైపే తిరుగుతారు.

ఇక ఇంట్లో చేయాల్సినవి. అచ్చం అలాంటి ఆకువక్క సంచే ఇంకోటి కుట్టించి, కొంచెం చిల్లర వేసి మీ దగ్గర ఉంచండి. "నేను తీయలేదు" అని వాదించొద్దు. "పోయిందా? పదండి వెతుకుదాం" అని కలిసి వెతికి ఆమెకే దొరికేలా చేయండి. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నవాళ్ళకు బాధపెట్టే దృశ్యాలు చూపించి పరిశోధన చేశారు. చూసింది మర్చిపోయాక కూడా దిగులు మాత్రం మిగిలే ఉంది. గొడవ గుర్తుండదు గాని, గొడవ తాలూకు భయం సాయంత్రందాకా ఉంటుంది.


గిరింపేట_రిటైర్డ్
మార్చి 28, సాయంత్రం 5:30

అమ్మా, మొదట్లో నేను రాసింది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. మీ సంగతులన్నీ చదివాక మా అమ్మ గురించి ఆలోచిస్తున్నాను. ఆమె కూడా మా వదిన మీద ఇలాంటి మాటే అనేది. మేమందరం అమ్మ మాటే నమ్మాం. వదిన ఇప్పుడు బెంగళూరులో ఉంది. నిన్న ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళ తర్వాత.

మెదడు పాఠాల వారిని ఒకటి అడగాలి. నాకు రెండేళ్ళుగా చెవి సరిగ్గా వినబడదు. మిషన్ పెట్టుకోవడం నామోషీ అని ఊరుకున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందంటున్నారు, నిజమేనా?


మెదడు_పాఠాలు
మార్చి 28, రాత్రి 8:45

నిజమే సార్. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతి క్షీణించే జబ్బుల ముప్పును పెంచే, మనం సరిదిద్దుకోగలిగిన కారణాలు 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. బీపీ, షుగరు, పొగ, తలకు దెబ్బలు, ఒంటరితనంతో పాటు వినికిడి తగ్గడం కూడా అందులో ఉంది. అన్నీ సరిగ్గా చూసుకుంటే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అన్నది వాళ్ళ అంచనా. 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, దాదాపు 88 లక్షల మంది. మిషన్ పెట్టించుకోండి సార్. వదినగారి గొంతు కూడా బాగా వినబడుతుంది.


కొర్లగుంట_కోడలు
ఏప్రిల్ 19, రాత్రి 11:30

ఈ రోజు చచ్చి బతికాం. సాయంత్రం ఆరున్నరకు "ఇంటికి పోతా" అన్నారు. ఇదే మన ఇల్లు అత్తమ్మా అంటే వినలేదు. నేను పొయ్యి కట్టేసి వచ్చేసరికి గేటు బార్లా తీసుంది. తొమ్మిదింటికి దొరికారు. ఇరవై రెండేళ్ళ కింద మా వాళ్ళుండిన తీర్థకట్ట వీధి మొదట్లో. పాత అంగడి పక్కాయన గుర్తుపట్టి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. "పొద్దు పోయింది, అంగడి కట్టేయాలి" అంటున్నారు.


మెదడు_పాఠాలు
ఏప్రిల్ 20, ఉదయం 6:00

చెల్లెమ్మా, దొరికారు కాబట్టి ముందు ఊపిరి పీల్చుకోండి. మనం ఎక్కడున్నామో చెప్పే కణాలు హిప్పోక్యాంపస్‌లో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో చూపించారు. దాని పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో దారిని గళ్ళుగళ్ళుగా కొలిచే కణాలున్నాయని మోసర్ దంపతులు 2005లో కనుక్కున్నారు. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. అల్జీమర్స్‌లో దెబ్బ అందరికన్నా ముందు పడే చోట్లలో ఆ ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. అందుకే దారి తప్పడం తొలినాళ్ళలోనే కనబడుతుంది. కొత్త ఇంటి దారి చెదిరిపోతుంది. నలభై ఏళ్ళు నడిచిన దారి ఇంకా ఉంటుంది, కాళ్ళు అటే పోతాయి. మళ్ళీ అలా జరిగితే పాత ఇల్లు, పాత అంగడి వైపే మొదట వెతకండి.


రాత్రి_డ్యూటీ
ఏప్రిల్ 20, ఉదయం 7:20

గేటు గడియ ఆమె చూపు పడని చోటికి, కిందికో పైకో మార్చండి. చీర కుచ్చిళ్ళ లోపల గుడ్డముక్క మీద ఫోన్ నంబరు రాసి కుట్టండి. సాయంత్రం ఐదున్నరకే లైట్లన్నీ వేసేయండి. మసక వెలుతురులో వీళ్ళకు కంగారు పెరుగుతుంది. "ఇదే ఇల్లు" అనకండి. "పోదాం అత్తమ్మా, ఈ మూర కట్టేసి పోదాం" అనండి.


కొర్లగుంట_కోడలు
మే మొదటి వారం, సాయంత్రం 4:10

మీరు చెప్పినవన్నీ చేశాం. గడియ మార్చాక మళ్ళీ బయటికి పోలేదు. బి12 ఎక్కాక కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి, పగటి మత్తు పోయింది, మాట కాస్త చురుగ్గా ఉంది. మరుపు మాత్రం అలాగే ఉంది.

గంగమ్మ జాతర వస్తోంది. అత్తమ్మ ప్రతి ఏడూ తాతయ్యగుంట గుడికి తన చేత్తో కట్టిన పూలు ఇచ్చేవారు. జాతరలో భక్తులు వేసే వేషాల వరుస అడిగితే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని తడుముకోకుండా చెప్పారు. మధ్యాహ్నం సంగటి తిన్న సంగతి మాత్రం గుర్తులేదు. ఆ జనంలోకి తీసుకెళ్ళాలా, మానాలా? మా ఆయన వద్దంటున్నాడు. ఆడబిడ్డ తీసుకెళ్దాం అంటోంది.


రాత్రి_డ్యూటీ
మే మొదటి వారం, సాయంత్రం 4:45

తీసుకెళ్ళండి అక్కా. తెల్లవారుజామున, ఎండా జనమూ రాకముందే. బయల్దేరే ముందు ఆ రోజు కట్టుకున్న చీరతో ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. చెయ్యి వదలొద్దు. అరగంటకు మించి వద్దు. ఆమె చిరాకు పడితే దర్శనం కాకపోయినా వెనక్కి వచ్చేయండి.


బైరాగిపట్టెడ
మే మొదటి వారం, సాయంత్రం 5:02

నేనూ మా తమ్ముడూ వస్తాం. వాడు ముందు నడుస్తాడు, నేను వెనకుంటా. ఎన్నింటికి, ఎక్కడ కలుద్దాం?


కొర్లగుంట_కోడలు
మే మొదటి వారం, సాయంత్రం 5:20

ఐదున్నరకు మా వీధి మొదట్లో. చాలా థాంక్స్ అండి. అత్తమ్మ నాలుగో మూర మొదలుపెట్టారు, ఏడు కట్టాలంటున్నారు. నార అయిపోవచ్చింది. ఆడబిడ్డ ఇక్కడే కూర్చుంది కాబట్టి పూలబజారుకు పోయి తెచ్చేస్తాను.